మడతకి రెండంగుళాలు

నేను కొలతల మనిషిని.
ముప్పై మీటర్ల టేపు, సుద్దముక్క, నాలుగు పేజీల ఫారం.
విశాఖలో బస్సెక్కి, భీమిలి దారిలో దిగి
గోస్తని గట్టు పట్టుకుంటే
మూతబడిన గోనె మిల్లు,
రంపం పళ్ల కప్పు,
సగం పళ్లు ఊడిపోయి.

తుఫాను రాత్రి ఎగిరిన రేకుల్లో ఒకటి
ఇప్పుడెవరి మేకలకో పాక.
చెబుతూనే తాళం తీస్తాడు వాచ్‌మన్ పోలినాయుడు.
రెండేళ్లుగా జీతం లేదట.
"ఇవ్వకపోతే ఏటి?
తాళంచెవి నా కాడే ఉంది గదా."

బ్యాచింగ్ ఖాతా: నూట పన్నెండు అడుగులు.
ఇక్కడే గోగునార బేళ్లు విప్పి
నూనె నీళ్లు చల్లి మగ్గబెట్టేవారు.
ఆ వాసన పెళ్లిబట్టల్ని కూడా వదిలేది కాదు.
పిల్లనిచ్చేవాళ్లు
ముక్కుతోనే వాకబు చేసుకుని వెళ్లేవారు:
ఆ, పర్మనెంటే.

సైరన్ మూడు కూతలు కూసేది.
మొదటి కూతకి పొయ్యి మీద గంజి,
రెండో కూతకి సైకిళ్లు,
మూడో కూత తర్వాత
గేటు కూడా గోడే.
లాకౌటు నోటీసు అంటించిన పొద్దున
కూత రాలేదు.
పాలవాడు ఆలస్యం, బడి ఆలస్యం.
కోళ్లు తమ పని తాము చేశాయి గానీ
ఎవరూ నమ్మలేదు.

మగ్గాల షెడ్డు: రెండొందల ఎనభై.
మగ్గాలు పాతినుముకి పోయాయి,
బోల్టుల గుంతల్లో వాననీళ్లు,
ఒక్కో గుంతలో ఒక్కో చిన్న ఆకాశం,
కప్ప ఒకటి.
గోడ పొడుగునా
నడుం కంటే కాస్త ఎత్తులో
నల్లటి పట్టీ.
పెయింటనుకున్నాను.
కాదు, వీపులు.
దారం తెగినప్పుడల్లా, కరెంటు పోయినప్పుడల్లా
క్షణంసేపు ఆనుకున్న నూనె వీపులు,
యాభై ఏళ్లవి.
టేపు పెట్టి చూశాను: వెడల్పు అడుగున్నర.
ఫారంలో దీనికి గడి లేదు.

చివర కుట్టు ఖాతా.
మా అమ్మ ఎర్నమ్మ కూర్చున్న చోటు
నాకు తెలుసు, పోలినాయుడికి చెప్పలేదు.
మూడో కిటికీ కింద.
నేను అక్కడే గోనెల మీద నిద్రపోయి
ఒంటి మీద నేత అచ్చుతో లేచేవాణ్ని.
ఆమె కుట్టిన సంచులు
బియ్యం నింపుకుని, ఉప్పు నింపుకుని
ఆమె చూడని ఊళ్లకి వెళ్లాయి.
ఒక్కసారి మాత్రం ఇసక నింపుకుని
వరదకి అడ్డంగా గోస్తని గట్టుకే తిరిగొచ్చాయి.
ఆ రాత్రి లాంతరు పట్టుకుని
తడిసిన కుట్లు తడుముతూ నడిచింది అమ్మ.
"ఇది నాది.
ఇది అచ్చియమ్మది, ఎడం సెయ్యి వాటం.
ఇదెవులిదో, బేగి ఇంటికెల్లాలని కుట్టీసింది."
గట్టు నిలబడింది.
ప్లాస్టిక్ సంచి ఆ తర్వాత వచ్చింది,
తేలికగా, చవగ్గా,
ఎవరి చేతివాటమూ లేకుండా.

ఫారం నింపాను.
స్థితి: శిథిలం.
ఇటుకలు: తిరిగి వాడవచ్చు.
చెట్లు: గోడలో మొలిచిన రావి ఒకటి, లెక్కలోకి రాదు.
కట్టడం విలువ దగ్గర
కలం కాసేపు గీయలేదు.
తర్వాత గీసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ
గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది.
ఎక్కడికెళ్లానో ఎవరు చెప్పారో
అడిగింది ఒక్కటే:
"ఎంతొచ్చింది?"
చెప్పాను, పొడుగూ వెడల్పూ, అంగుళాలతో సహా.
వేళ్ల మీద ఏదో లెక్క కట్టుకుంది,
సూదిపోట్ల చూపుడువేలు బొటనవేలికి తగిలిస్తూ.

"తప్పు కొలిసినావురా గుంటడా.
మూతి కాడ మడతకి
రెండంగుళాలు ఒగ్గాల.
నేకపోతే నింపినదంతా
కారిపోద్ది."